జన్యువు చేరు దారులు: మూషిక మస్తిష్కము నుండి బస్తరు వరకు

కణమును చుట్టుకొనియున్న పొర మిక్కిలి పలుచనిది. మీటరును నూరుకోట్ల పాళ్ళు చేసినచో దాని మందము అందులో ఏడెనిమిది పాళ్ళు మాత్రమే. అయినను ఋణవిద్యుదావేశము గల డి.ఎన్.ఎ. పోగు తనంతట తాను ఆ పొరను దాటజాలదు. జన్యువుల నిర్మాణమును గూర్చియు, వాని లోపములవలన పుట్టు వ్యాధులను గూర్చియు శాస్త్రజ్ఞులు ఎంత గ్రహించినను, ఆ జ్ఞానము రోగికి అక్కరకు రావలెనన్నచో ఈ పొరయొద్ద నిలిచి దారి యడుగవలసినదే. అట్టి దారులను పెక్కింటిని నిశితముగా పరీక్షించిన స్థలములలో ముఖ్యమైనది చుంచెలుక పిండముయొక్క పెరుగుచున్న మెదడు. ఇంత సూక్ష్మమైన ప్రయోగశాలా విద్యకును, ఇంద్రావతీ శబరీ నదుల పరీవాహకమందలి అడవులలో మలేరియాతోను కొడవలికణ వ్యాధితోను పెనగులాడు బస్తరు జనులకును సంబంధమేమని పాఠకుడు ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదు, కాని పలువురు వెదకు చోట మాత్రము అది లేదు.

ముందుగా మూషికముల మెదడునే ఏల ఎన్నుకొనిరో చూతము. చుంచెలుక గర్భము మోయు కాలము పందొమ్మిది, ఇరువది దినములు. అందులో ఇంచుమించు పదునొకండవ దినము మొదలు పదునేడవ దినము వరకు మెదడు పైపట్టయందలి నాడీకణములు పుట్టును. మెదడులోపలి ద్రవముతో నిండిన కుహరముల గోడలయందు అవి జన్మించి, అక్కడినుండి వెలుపలికి ప్రయాణము చేసి తమ తమ స్థానములలో కుదురుకొనును. ముందు పుట్టినవి లోతైన పొరలలో నిలువగా, వెనుక పుట్టినవి వానిని దాటిపోయి పైపొరలను చేరునని 1961లో ఆంజెవిన్, సిడ్‌మన్ అను వారు రేడియోధార్మిక థైమిడీన్ సహాయమున నిరూపించిరి. దీనివలన ప్రయోగకర్తకు అపూర్వమైన సౌకర్యము లభించినది. పండ్రెండవ దినమున కుహరపు గోడకు జన్యువు నందించినచో అది లోతైన పొరల కణములకు దక్కును; పదునేనవ దినమున అందించినచో పైపొరల కణములకు దక్కును. ఏ కణమునకు చేర్చవలెనో ఆ కణము పుట్టు దినము తెలిసిన చాలును. ప్రౌఢప్రాణి మెదడులో ఈ సౌకర్యము లేదు, మనుష్యశిశువులో అంతకన్నను లేదు. మూషికప్రయోగముల విజయమంతయు ఈ కాలనియమముమీద ఆధారపడియున్నదన్న మాట మున్ముందు మనకు పనికివచ్చును.

తొలుత వచ్చినవి వైరసులు. రెట్రోవైరసులు విభజన చెందుచున్న కణములలో మాత్రమే తమ జన్యువులను ఆతిథేయ క్రోమోజోములలో ఇముడ్చును గనుక, ఒక కణమును గుర్తుపట్టి దాని సంతతి నంతటిని వెంబడించుటకు 1980వ దశకమున కాన్‌స్టాన్స్ సెప్కో మొదలగువారు వానిని వాడిరి. విభజన మానిన నాడీకణములలోనికి సైతము ప్రవేశింపగల లెంటివైరసు వాహకమును 1996లో నాల్డీని బృందము ఎలుక మెదడునందు పరీక్షించినది. ఆల్ట్రాసౌండ్ తెరపై పిండమును చూచుచు సూదిని నడిపించి రెట్రోవైరసును ఎక్కించు పద్ధతిని గయానో, ఫిషెల్ ప్రభృతులు 1999లో ప్రకటించిరి. ఇవి యన్నియు గొప్పవే. కాని ప్రతి జన్యువునకును క్రొత్తగా వైరసును తయారుచేయవలెను. దానికి శ్రమయు, సమయమును, జీవభద్రత గల గదులును కావలెను. చిన్న ప్రయోగశాలలకు ఇది మోయరాని భారము.

ఆ భారమును దింపినది విద్యుత్తు. బలమైన విద్యుత్ స్పందనము తగిలినప్పుడు కణపొరలో క్షణకాలము సూక్ష్మరంధ్రములు తెరచుకొనుననియు, ఆ సందున డి.ఎన్.ఎ. లోనికి పోవుననియు 1982లో నాయ్‌మన్ బృందము చుంచెలుక కణములయందు చూపెను. ఎలక్ట్రోపొరేషన్ అను ఈ విధానము మొదట పాత్రలలోని కణములకును, పిదప కోడిపిండమునకును అన్వయింపబడి, 2001లో గర్భస్థమైన చుంచెలుక మెదడును చేరినది. ఆ యొక్క సంవత్సరముననే క్యోటోలో సైటో, నకాత్సుజీలును, టోక్యోలో తబాతా, నకజీమాలును, షికాగోలో ఫుకూచీ-షిమోగోరి, గ్రోవ్‌లును వేర్వేరుగా దీనిని ప్రకటించిరి. ఒకే ఫలము మూడు కొమ్మలకు ఒక్కమారు కాయుట శాస్త్రచరిత్రలో అరుదు కాదు గాని, ఇంత స్పష్టముగా కనబడుట అరుదు.

ఆ శస్త్రక్రియను దగ్గరనుండి చూడదగును. గర్భిణి యగు చుంచెలుకకు మత్తు నిచ్చి, పొత్తికడుపును కొద్దిగా కోసి, గోరువెచ్చని ఉప్పునీటితో తడుపుచు గర్భాశయపు రెండు కొమ్ములను వెలుపలికి తీయుదురు. పలుచని గోడగుండ వెలుతురు పట్టి చూచినచో అరంగుళము చాలని పిండముల తలలును, తలలలోని కుహరముల నీడలును కనబడును. గాజుగొట్టమును కాచి సాగదీసిన సన్నని సూదిని గర్భాశయపు గోడలోగుండ పార్శ్వకుహరములోనికి దించి, జన్యువును మోయు డి.ఎన్.ఎ. వలయమగు ప్లాస్మిడ్‌ను కరగించి ఆకుపచ్చని రంగు కలిపిన ద్రావణమును ఒక మైక్రోలీటరు మాత్రము ఎక్కింతురు. రంగు వ్యాపించి అర్ధచంద్రాకారమున కుహరము వెలిగినచో సూది సరియైన చోట దిగినట్లు. అంతట పట్టకారు వంటి విద్యుత్ ధ్రువములను తలకు ఇరుప్రక్కల పట్టి, ముప్పది నలువది వోల్టుల స్పందనములను, ఒక్కొక్కటి 50 మిల్లీసెకనుల పాటు, నడుమ నడుమ సెకను విరామముతో, అయిదింటిని పంపుదురు. డి.ఎన్.ఎ. ఋణావేశము గలది గనుక ధనధ్రువమువైపు పరుగెత్తి ఆ ప్రక్క గోడలోని కణములలో ప్రవేశించును. రెండవ ప్రక్క యథాతథముగా ఉండి, అదే మెదడులో సరిపోల్చుటకు పనికివచ్చును. పట్టకారును త్రిప్పి పట్టినచో మెదడులోని వేరొక భాగమునకు గురి మారును. గర్భాశయమును మరల లోపల సర్ది కుట్లు వేయుదురు. తల్లి మేలుకొనును, పిండములు పెరుగును. ఇందులో వైరసు లేదు, ఖరీదైన వాహకము లేదు, చేతినేర్పే మూలధనము. మనదేశమున ముంబయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థయందు శుభా తోలే ప్రయోగశాల మెదడు పైపట్ట ఏర్పడు క్రమమును విచారించుటలో ఈ విద్యను చక్కగా వినియోగించినది.

ఈ దారిన కలిగిన జ్ఞానమునకు ఒక్క యుదాహరణ చాలును. డబుల్‌కార్టిన్ అను జన్యువులో దోషము గల మనుష్యులలో నాడీకణములు తమ గమ్యమును చేరక నడుమనే ఆగి, పైపట్ట క్రింద రెండవ పట్టగా పేరుకొనును, మూర్ఛలు కలుగును. చుంచెలుకలో ఆ జన్యువును మొదటినుండి తీసివేసినప్పుడు పైపట్టలో అట్టి వికారము కనబడలేదు. కాని 2003లో లోటర్కో ప్రయోగశాలవారు ఎలుక పిండముల మెదడులో ఎలక్ట్రోపొరేషన్ ద్వారా ఆ జన్యువును అణచివేయగా కణములు దారిలో నిలిచిపోయినవి. 2009లో అదే బృందము మరొక్క అడుగు వేసి, ఎలుక పుట్టిన పిమ్మట ఆ జన్యువును మరల పనిచేయించినచో నిలిచిపోయిన కణములలో కొన్ని తిరిగి ప్రయాణము సాగించుననియు, మూర్ఛల బెడద తగ్గుననియు చూపినది. ఇది ఆశ పుట్టించు ఫలితము. అయితే, జన్యువును అణచుటకు వాడు చిన్న ఆర్.ఎన్.ఎ.లు తమ గురిని తప్పి ఇతర కార్యములనుగూడ చెరచి, వలసను ఆపగలవని తరువాతి పరిశోధకులు హెచ్చరించిరి. ఆ హెచ్చరికను తేలికగా తీసికొనరాదు. దారి సుగమమైనంతమాత్రమున దారిన పోయినది మంచిదని చెప్పుటకు వీలులేదు.

ప్లాస్మిడ్‌కు మరొక బలహీనత కలదు. కణము విభజన చెందిన కొలదియు అది పలుచబడి మరుగగును. దీనికి విరుగుడుగా పిగ్గీబాక్ అను ట్రాన్స్‌పోజాను (చోటు మార్చుకొను డి.ఎన్.ఎ. తునక) సహాయమున జన్యువును క్రోమోజోములో స్థిరపరచు మార్గమును కనుగొనిరి. జన్యువును కోరినచోట కత్తిరించు క్రిస్పర్ అను పనిముట్టు వచ్చిన పిమ్మట ఉన్న జన్యువునే దాని స్థానములో మార్చుట సాధ్యమై, 2016లో మికూనీ, యసూదాలు ఎలక్ట్రోపొరేషన్ ద్వారానే పిండము మెదడులో ఒక ప్రోటీనునకు గుర్తును అతికించిరి. 2020లో మరియొక బృందము ఆటిజముతో సంబంధము గల 35 జన్యువులను గర్భస్థ చుంచెలుకలలో లెంటివైరసుల సమూహముతో ఒక్కమారుగా దెబ్బతీసి, ఒక్కొక్క కణమును విడివిడిగా చదివి, ఏది దేనిని చెరచునో పరిశీలించినది.

ఇక ఎ.ఎ.వి. యను చిన్నవైరసు. పుట్టిన కొద్దిగంటలలో చుంచెలుక పిల్లను చల్లబరచి మత్తు గొలిపి కుహరములలో ఈ వైరసు నెక్కించినచో మెదడంతటను జన్యువు వ్యాపించునని 2001లో పాసీనీ, వుల్ఫ్ అను వారు తెలిపిరి. ఎ.ఎ.వి.9 అను రకము పసిచుంచెలుక రక్తనాళములోనికి ఎక్కించినను మెదడును చేరునని 2009లో ఫౌస్ట్ బృందము కనుగొనెను. ఆ త్రోవనే పోయి, వెన్నుపాము నాడీకణములు నశించు శిశువ్యాధికి 2019లో అమెరికాలో ఔషధము మంజూరైనది. మూషికమునుండి మనుష్యునివరకు ఒక దారి పూర్తిగా వేయబడినదని చెప్పదగిన సందర్భ మిది. దీని పరిమితులును అంతే స్పష్టములు. ఈ వైరసు మోయగల భారము 4,700 డి.ఎన్.ఎ. అక్షరములకు మించదు. 2021లో వెలువడిన పరిశోధన యొకటి, ఎ.ఎ.వి. ప్రౌఢమూషికముల మెదడునందలి హిప్పోకాంపసు అను భాగములో క్రొత్తగా పుట్టుచున్న నాడీకణములను చంపునని చూపినది. నాడీజననమును కొలుచుటకు ఈ వైరసునే కొలబద్దగా వాడినవారికి ఇది చేదువార్త.

వీనిలో నాకు మిక్కిలి బోధప్రదముగా తోచినది పి.హెచ్.పి.బి. యను వాహకముయొక్క కథ. 2016లో డెవర్‌మన్ ప్రభృతులు ప్రౌఢచుంచెలుక రక్తమునుండి మెదడులోనికి అద్భుతముగా ప్రవేశించు ఎ.ఎ.వి. రూపము నొకదానిని ఎంపికచేసిరి. జగమంతయు హర్షించినది. పిదప మరియొక వంశపు చుంచెలుకలో పరీక్షింపగా అది మెదడును చేరలేదు. కారణమేమని వెదుకగా, మొదటి వంశపు రక్తనాళముల గోడలపై నుండు ఎల్‌వై6ఎ అను ప్రోటీనే దానికి ద్వారమనియు, ఆ ప్రోటీను వానరజాతులలో లేదనియు తేలినది. ఒక వంశపు ఎలుకకు రాజమార్గమైనది ప్రక్క వంశపు ఎలుకకే మూతబడిన తలుపైనప్పుడు, మనుష్యుని మాట చెప్పనక్కరలేదు.

ఇప్పుడు బస్తరునకు వత్తము. ఓరుగల్లు కాకతీయులలోని అన్నమదేవుడు వలసపోయి రాజ్యము స్థాపించెనని వంశకథ చెప్పు ఆ సీమ మనకు పరాయిది కాదు. భోపాలపట్నమునుండి కొంట వరకు తెలుగు వినబడును. దక్షిణ బస్తరు దోర్లలు మన కోయల దాయాదులు. సుకుమా, బీజాపూరు ప్రాంతముల రోగులు భద్రాచలము ఆసుపత్రులకు వచ్చుట నేటికిని సామాన్యమే. గోండులు, హల్బాలు, భత్రాలు, ధుర్వాలు మొదలగు జనులు నివసించు ఈ అడవులలో ఫాల్సిపేరం మలేరియా తరతరములుగా ప్రాణాంతకమై యుండినది. 2020 జనవరిలో మలేరియాముక్త బస్తరు కార్యక్రమమును ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ప్రారంభించి ఇల్లిల్లు తిరిగి రక్తపరీక్షలు చేయించినది. ఆ మలేరియా నీడనే కొడవలికణ జన్యువు వృద్ధిపొందినది. హిమోగ్లోబిను బీటాశృంఖలములో ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీను చేరుటయే ఆ దోషము. దానిని తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే పొందిన బిడ్డకు మలేరియా ముదిరి ప్రాణము మీదికి వచ్చుట తక్కువయని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించెను. తలసీమియా విషయమున ఇట్టి యూహను అంతకు ముందే చేసిన శాస్త్రజ్ఞుడు హాల్డేను, కడపటి యేండ్లలో భారతపౌరుడై భువనేశ్వరమున 1964లో కన్నుమూసెను. ఆయన తన సిద్ధాంతమునకు సజీవప్రమాణములైన అడవులకు ఎంతో దూరమున లేడన్న సంగతి నాకు తరచు జ్ఞప్తికి వచ్చును.

ఇద్దరినుండియు ఆ జన్యువును పొందిన బిడ్డ కథ వేరు. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎఱ్ఱకణములు వంకరలు తిరిగి, గట్టిపడి, సన్ననాళములను మూసివేయును. ఎముకలలో భరింపరాని నొప్పులు, ప్లీహనాశము, అంటురోగములు కలుగును. అన్నిటికన్న దారుణమైనది మెదడుకు కలుగు హాని. పెద్దవారి వ్యాధియని మనము తలచు పక్షవాతము ఈ పిల్లలకు బడియీడులోనే రావచ్చును. పైకి ఏ లక్షణమును లేకయే మెదడులో చిన్నచిన్న భాగములు చచ్చి, చదువు సాగకపోవుట అంతకన్న తరచు. పలక చేతబట్టి వెనుకబడిన బిడ్డను మందబుద్ధియని గురువు దండించుచుండగా, ఆ బిడ్డ తలలో రక్తనాళములు మూసుకొనిపోవుచుండవచ్చును. పెరుగుచున్న మెదడే ఇక్కడను రణరంగము; కాని దోషమున్నది మెదడులో గాదు, ఎముక మూలుగలోని రక్తమూలకణములలో. కావున ఎలుకల మెదడులోనికి జన్యువును పంపు విద్య అంతయు బస్తరు బిడ్డ మెదడును రక్షించుటకు నేరుగా పనికిరాదు. పనికివచ్చునది దానిలోని ఒక్క అంశము: విద్యుత్ స్పందనము.

2023 నవంబరులో బ్రిటనులోను, డిసెంబరులో అమెరికాలోను కొడవలికణ వ్యాధికి మంజూరైన కాస్‌జెవీ అను చికిత్సలో ఆ స్పందనమే పనిచేయును. రోగి రక్తమూలకణములను వడగట్టి తీసి, కర్మాగారమునకు పంపి, విద్యుత్ స్పందనముతో వానిలోనికి క్రిస్పర్ సామగ్రిని చొప్పించి, గర్భకాలపు హిమోగ్లోబినును అణచు బి.సి.ఎల్.11ఎ జన్యువును ఎఱ్ఱకణములలో నడిపించు మీట నొకదానిని విరుగగొట్టుదురు. దానితో శైశవమున మరుగుపడిన గర్భకాలపు హిమోగ్లోబిను మరల ఉదయించి వ్యాధిని అణచును. ఎలుక పిండములో తల్లిగర్భమును తెరచి చేసిన పని ఇక్కడ సంచిలో చేయుదురు. గురి తప్పుటకు గర్భము లేదు, దినముల లెక్క లేదు. ఇంతవరకు దారి సుఖముగానే ఉన్నది. కష్టమంతయు సవరించిన కణములను తిరిగి ఎక్కించుటకు ముందును వెనుకను ఉన్నది: పాతమూలుగను బుసల్ఫాను అను తీవ్రమైన మందుతో తుడిచివేయవలెను, అటుపై వారములకొలది, రోగనిరోధకశక్తి లేని స్థితిలో, రోగిని ప్రత్యేకమైన గదిలో ఉంచవలెను. అమెరికాలో దీని వెల 22 లక్షల డాలర్లు. వెల తగ్గింపవచ్చును. ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు స్వదేశీయముగా రూపొందించి బిర్సా 101 అని పేరిడిన క్రిస్పర్ చికిత్స ఆ ప్రయత్నమే. 2025 నవంబరులో దానిని ప్రకటించి, తయారీకై సీరం సంస్థకు సాంకేతికతను అప్పగించిరి. హీమోఫీలియాకు లెంటివైరసు చికిత్సను వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల అయిదుగురు రోగులలో జరిపి 2024లో ఫలితములను ప్రకటించుటచేత, ఇట్టి వైద్యమును మనదేశమున చేయగలమన్న ధైర్యము కలిగినది. కాని వెల తగ్గినంతమాత్రమున బుసల్ఫాను తీవ్రత తగ్గదు, ప్రత్యేకగది బస్తరు ముఖ్యపట్టణమగు జగదల్‌పురమున వెలయదు.

కావున మూలుగను తుడువకయే, దేహములోనే మూలకణములను చేరు దారి కావలెను. సి.డి.117 అను గుర్తును పట్టుకొను ప్రతిదేహకమును కొవ్వుకణికలకు తగిలించి, వానిలో ఆర్.ఎన్.ఎ.ను నింపి రక్తములోనికి ఎక్కించినచో మూలుగలోని మూలకణములను సవరింపవచ్చునని 2023లో చుంచెలుకలయందు చూపబడినది. నా దృష్టిలో బస్తరునకు పనికివచ్చు పరిశోధన ఇదే, పి.హెచ్.పి.బి. కథను మరువకుండ దీనిని పరీక్షింపవలెనన్న షరతు మాత్రము తప్పదు.

అంతవరకు ఏమి చేయవలెను? 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము, మూడేండ్లలో నలువదియేండ్ల లోపువారగు 7 కోట్ల మందిని పరీక్షించుట, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించుట లక్ష్యములుగా చెప్పుకొన్నది. పరీక్ష సులభము: డైథయోనైటు కలిపిన ద్రావణములో నెత్తుటిబొట్టు వేసి, గొట్టము వెనుక నల్లగీతలు గల కాగితము పట్టి చూచినచో, గీతలు కనబడనంతగా ద్రావణము మసకబారుట కొడవలి హిమోగ్లోబినునకు సూచన. వాహకుడో రోగియో తెలియుటకు మరియొక పరీక్ష అవసరము. రోగియని తేలినవానికి హైడ్రాక్సియూరియా మాత్రలు చౌకగానే దొరకును. అవియును గర్భకాలపు హిమోగ్లోబినునే పెంచును. మెదడు రక్తనాళములలో నెత్తురు సెకనుకు 200 సెంటీమీటర్లకు మించి ప్రవహించుచున్నదా యని డాప్లర్ అను ధ్వనితరంగ యంత్రముతో చూచి, అట్టి పిల్లలకు నియమముగా రక్త మెక్కించినచో పక్షవాతము నూటికి తొంబదిపాళ్ళు తగ్గునని 1998లోనే అమెరికాలో తేలినది. నెలనెల రక్తము దొరకని చోట్ల ఈ మాత్రలే శరణ్యములు. కిలోబరువునకు 10 మిల్లీగ్రాములు ఇచ్చినను, 20 ఇచ్చినను పక్షవాతనివారణలో భేదము కనబడలేదని 2022లో నైజీరియా పరిశోధకులు ప్రకటించిరి. ఉపాధ్యాయునికి వెనుకబడిన బిడ్డకు ఈ వ్యాధి ఉండవచ్చునన్న సంగతియు, ఆరోగ్యకేంద్రమునకు ఒక డాప్లర్ యంత్రమును, ఎడతెగని మాత్రల సరఫరాయు చేరినచో, ఏ క్రిస్పరును రాకముందే అనేకమంది బిడ్డల మెదళ్ళు నిలుచును. ఇది ప్రయోగశాలల గౌరవమును తగ్గించుట కాదు. వాని పని ఫలించునంతవరకు బిడ్డలను ప్రాణములతోను తెలివితోను నిలుపుట.

జన్యుచికిత్స అడవిసీమకు వచ్చునాటికి మరియొక దారి సిద్ధము కావలెను. బుసల్ఫాను పొందినవారికి సంతానము కలుగకపోవచ్చును. పదునెనిమిదేండ్ల మురియా తెగ యువతితోను, ఆమె తల్లితోను ఆ మాట చెప్పవలసినవాడు హిందీ అంగీకారపత్రమును చదివి వేలిముద్ర వేయించుకొన్నచో అది అంగీకారము కాదు. గోండీలోను, హల్బీలోను, దోర్లీలోను ఆ వాక్యమును ఏ మాటలతో పలుకవలెనో, దానిని విని కుటుంబము ఎన్ని దినములు ఆలోచించుకొనవచ్చునో, కాదన్నవారికి మాత్రల సరఫరా ఆగదని ఎవరు హామీ యిత్తురో, ఇవి మొదటి రోగి పేరు నమోదు చేయుటకు ముందే తేలవలసిన విషయములు.